ఇస్తార్లామె గోలీలు

ఆమె పోయిందని నాకు మొదట చెప్పింది మా వాడకు పాలు పోసే మల్లమ్మ. గిన్నెలో పాలు పోసి, క్యాను మూత బిగించి, వెళ్ళబోతూ ఆగింది.

"ఇస్తార్లామె పోయింది, ఎరికేనా? పొద్దెక్కినా తలుపు తీయకపోతే నేనే నూకి చూసిన. నిద్రలనే పోయినట్టున్నది. మొకం మంచిగనే ఉన్నది."

నేను గిన్నె పట్టుకొని గడపలోనే నిలబడ్డాను. మల్లమ్మ క్యాను ఎత్తుకుంటూ, "మంచి మనిషే పాపం. జర గర్వం, అంతే," అని పక్కింటికి పోయింది.

పోయిన వాళ్ళ కోసం మేము చదువుకునే మాట చదువుకున్నాను. పాలు కాచాను. కాచినంతసేపూ ఆ గర్వం అన్న మాటే నా చెవిలో ఉండిపోయింది. ఊరంతా అనుకునేది అదే. అది గర్వం కాదని తెలిసినవాళ్ళం ఊళ్ళో ఇద్దరమే ఉండేవాళ్ళం, మా అత్తమ్మా నేనూ. అత్తమ్మను పోయిన చలికాలంలో అల్లా తన దగ్గరికి పిలుచుకున్నాడు. ఇక నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు మర్రిగూడకు దగ్గర. ఆమె మోదుగాకు తెచ్చి, ఎండబెట్టి, చీపురు పుల్లలతో ఇస్తార్లు కుట్టి అమ్మేది. అందుకే ఇస్తార్లామె. పేరు లేక కాదు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, తన వెనక ఇంకెవరో ఉన్నట్టు తిరిగి చూసేది. ఇష్టం లేని పేరును ఇప్పుడు నేను రాయడం ఎందుకు?

ఆమె ఎవరింట్లోనూ కూర్చోదు. ఎడమ చెయ్యి దర్వాజా మీద, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట. అట్లాగే నిలబడి మాట్లాడేది. చాప వేస్తే, "కూసునే పురుసత్ ఏడిది బిడ్డా," అనేది. మాట మంచి రసపట్టులో ఉండగా ఉన్నట్టుండి ఆమె మొహం మారిపోయేది. దూరంగా ఏదో చప్పుడు విన్నట్టు కళ్ళు నిలిచిపోయేవి. "పొయ్యి మీద పెట్టొచ్చిన," అని గిర్రున తిరిగి వెళ్ళిపోయేది. మన మాట మన నోట్లోనే సగం మిగిలేది.

మా అత్తమ్మ వెనక నుంచి అరిచేది. "ఒక్క పానానికి పొద్దంతా ఏం వండుతున్నవే? పెండ్లి వంటనా?"

ఆమె వెనక్కి చూడకుండానే నవ్వేది. నవ్వు వినపడేది, మొహం కనపడేది కాదు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పెళ్ళయినా బంతి ఆమె ఇస్తార్ల మీదే. ముందు రోజే కట్టలు నెత్తిన పెట్టుకొని పోయి ఇచ్చి వచ్చేది. పెళ్ళినాడు మాత్రం పోదు. ఎందుకు రాలేదని అడిగితే, "అన్నం మీది, ఆకు నాది. నేనొచ్చినట్టే లెక్క," అనేది. పిలిచినవాళ్ళు కొన్నాళ్ళు పిలిచారు. తర్వాత మానుకున్నారు.

నేను బడికి పోలేదు. మా అబ్బా ఇంట్లోనే ఖురాన్ చదవడం, తెలుగు రాయడం నేర్పారు. ఆ మేలుకు ఇప్పటికీ ప్రతి నమాజులో ఆయన కోసం అడుగుతాను. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చాక ఇస్తార్లామెకు నా చదువు మీద గొప్ప నమ్మకం కుదిరింది. ఒకనాడు మందు గోలీల అట్ట ఒకటి తెచ్చి గడపలో నిలబడి, "నీకు సదువచ్చు గద, జర గిది చూడు," అన్నది. చూశాను. అంతా ఇంగ్లీషు. నాకు వచ్చిన అక్షరం ఒక్కటీ దాని మీద లేదు. ఆ మాటే చెప్తే, "మరి ఏం సదివినవ్," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ గోలీలు మూత్రంలో మంటకు, జ్వరానికి. అవి ఆమె దగ్గర ఎప్పుడూ ఉండేవి. మంట వచ్చినప్పుడు వేసుకునేది, తగ్గగానే మానేసి మిగిలినవి చీర కొంగున కట్టుకునేది, మళ్ళీ మంట వస్తే అవే. ఎందుకు వస్తోందని ఎవరూ ఆలోచించలేదు. మా వైపు ఆలోచించేది నీళ్ళ గురించి. బోరు నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్ని తింటుందని ఇక్కడ పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఆమె చిన్నగా ఉన్నప్పుడే నాయిన నడుము వంగిపోయి, తన పాదాలు తప్ప మనిషి మొహం చూడలేకపోయాడట. అందుకని ఆమె చిన్నప్పటినుంచీ నీళ్ళు తాగకుండా బతకడం నేర్చుకుంది. గొంతు తడిస్తే చాలు. తర్వాత కృష్ణ నీళ్ళు నల్లాల్లోకి వచ్చాయి. నేను అల్లాకు షుకర్ చెప్పుకొని కడుపునిండా తాగాను. ఆమె మాత్రం నల్లా వైపు అనుమానంగా చూసి, "నల్లా మారింది గని, పానానికి భయం మారుతదా," అన్నది.

ఒక వేసవిలో ఆమెకు మంటతో పాటు చలిజ్వరం వచ్చింది. మండల కేంద్రంలో డాక్టరుకు చూపించుకొని, మందుల దుకాణంలో గోలీలు తీసుకొని వచ్చింది. మర్నాడు పొద్దున మా గడపలోకి వచ్చింది. చేతిలో తళతళ తోమిన ఇత్తడి చెంబు.

"గిది నువ్వు ఉంచుకో బిడ్డా. మా అమ్మది."

"ఎందుకు చిన్నమ్మా?"

"నాకు పనిలేదు. కోళ్ళు నిన్న మాపునే మల్లమ్మకిచ్చిన. ఎండిన ఆకు ఉన్నది, ఎవలన్న కుడితే తీస్కపోమ్మను."

మా అత్తమ్మ మంచం మీదనుంచే, "ఏడికి పోతున్నవే, కాశీకా?" అన్నది.

ఇస్తార్లామె గొంతు తగ్గించి, "రకుతం పడుతాంది అక్కా," అన్నది. "ఒంటికి పోతే ఎర్రగ. బట్టంత అంటింది. ఇగ ఆగేటట్టు లేదు."

చెప్పిన తీరులో ఏడుపు లేదు. బస్సు వచ్చేసిందన్నట్టు చెప్పింది. ఆమె ఇంటికి పోయి చూశాను. బట్ట మీద మరక నెత్తురులా లేదు, నారింజ పండు రంగులో ఉంది. అట్ట తీసుకొని మా ఆయన బండి మీద మందుల దుకాణానికి పోయాను. దుకాణం ఆయన అట్ట చూసి తల కొట్టుకున్నాడు.

"మంట తగ్గేటందుకు ఇచ్చిన గోలీ అమ్మా ఇది. రంగొస్తది, భయపడకు అని చెప్తనే ఉన్న. నడుమల్నే పొయ్యి మీద ఏందో పెట్టొచ్చిన అని ఉరికింది. నా మాట ఇంటే గద."

నేను వచ్చి ఆ మాట చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూనే కోళ్ళ కోసం బయలుదేరింది. నేనూ వెంట పోయాను. మల్లమ్మ గుమ్మంలోనే కూర్చొని ఉంది. ఆమెను చూసి సిగ్గుపడింది.

"ఒకటి రాత్రే కోసినం వదినా. పోయేటామె మనసార ఇచ్చిందని మంచిగనే వండుకొని తిన్నం."

"తింటే తిన్నరు," అన్నది ఇస్తార్లామె. "నా దినాల కూర ముందే తిన్నరు. రేపు నేను పోయినంక మళ్ల వచ్చి కూసోకుండ్రి."

మిగిలిన కోళ్ళను చంకన పెట్టుకొని వస్తూ దారిలో ఆగింది. నవ్వు లేదు ఇప్పుడు.

"రకుతమైతే ఒక్కపాలి పానం తీస్కపోతుండె. గిది తీస్కపోదు, ఉండనియ్యదు."

"ఏది చిన్నమ్మా?"

కోడి ఈకలు సవరిస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "జారుతది బిడ్డా. దగ్గితే జారుతది, నవ్వితే జారుతది. ఒక్కోపాలి ఊకెనే జారుతది. గందుకే ఎవలింట్ల కూసోను. లేస్తే చాప మీద ఏం కనపడుతదో అని. కూసోకుంటె మానె. దేవుని దగ్గర దీపం ముట్టియ్యక ఎన్నేండ్లాయెనో. ఈ మైల ఒళ్ళుతోని ఆయన ముంగట ఎట్ల నిలబడుదు?"

ఆమె ఇంట్లో పొద్దుగూకితే దేవుని గూటిలో చీకటి ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆమె దేవుని మీద అలిగిందని కొందరనేవారు. అలగలేదు. తాను పనికిరానని పక్కకు తప్పుకుంది.

నల్లగొండకు పెద్ద దవాఖానకు పోదామని నేను బతిమాలితే ఎట్టకేలకు ఒప్పుకుంది. ఆ బస్సు ప్రయాణం నేను మరిచిపోలేను. బస్సు సగం ఖాళీ. ఆమె మాత్రం కడ్డీ పట్టుకొని నిలబడింది. కండక్టరు, "సీట్లున్నయి గదవ్వా, కూసో," అన్నాడు.

"నడుం నొప్పి నాయినా. నిలబడితెనే సుకం."

నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ముందు రోజునుంచీ నీటి చుక్క తాగలేదని పెదాలు చూస్తే తెలుస్తోంది. బస్సు కుదుపుకు ఒక్కోసారి ఆమె మోకాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి కళ్ళు మూసుకునేది. నేను తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అల్లా ఆమెకు మేలు చేయాలి, తొందరపెట్టలేదు.

"రోజుకు నీళ్ళు ఎన్ని తాగుతవమ్మా?"

"గోలీ మింగేటప్పుడు తాగుత."

"అంతేనా?"

"అది గూడ ఒక్కోపాలి ఉమ్మితోనే మింగుత."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "మూత్రం ఆగకపోవడం ఎప్పటినుంచి?"

ఇస్తార్లామె నా వైపు చూసింది. నాకూ తెలియదు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ చెప్పింది. "పిల్ల పోయినప్పటి సంది."

అప్పుడు తెలిసింది మాకు. తొలి కాన్పు ఇంట్లోనే అయిందట. చాలా కష్టమైందట. పిల్ల దక్కలేదు. ఆ తర్వాత ఒళ్ళు ఆమె మాట వినడం మానేసింది. పక్కబట్టలు తడుస్తున్నాయని మొగుడు నాయినింట్లో దించిపోయి, మళ్ళీ రాలేదు.

"ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"ఎవలన్న అడిగితే గద," అన్నది. నిష్ఠూరంగా కాదు. నిజంగానే, అడిగితే చెప్పేదాన్నే అన్నట్టు.

డాక్టరమ్మ పరీక్షలు చేయించి, నిదానంగా చెప్పింది. నీళ్ళు తక్కువైతే మూత్రం చిక్కబడి, లోపల మళ్ళీ మళ్ళీ క్రిములు చేరి మంట వస్తుంది. దానికి ఇచ్చిన గోలీలు మంట తగ్గినా సరే చివరిదాకా వేసుకోవాలి, కొంగున కట్టుకోకూడదు. జారుడు వేరే సంగతి. కాన్పులో సడలిన కండరానికి బిగబట్టి వదిలే కసరత్తు నేర్పింది. మూత్రపు సంచి నిండకముందే ముడుచుకుపోతోందని, దాన్ని నెమ్మది చేసే గోలీ ఇంకొకటి రాసింది. "నోరు ఎండుతది, భయపడొద్దు," అన్నది. ఈసారి నేను మధ్యలో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకొని కూర్చున్నాను, మాట అయిపోయేదాకా.

నోరు ఎండింది. మామూలుగా కాదు. "నాలుక మట్టిపెంక లెక్కయింది," అనేది. లవంగం బుగ్గన పెట్టుకుంది, చింతగింజ చప్పరించింది, లాభం లేకపోయింది. చివరికి ఓడిపోయి నల్లా కింద చెంబు పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక దాహమేసి నీళ్ళు తాగడం అదే మొదలని ఆమే చెప్పింది. మా అత్తమ్మ ఎంత సంబరపడిందో.

"సూసినవానే? డాక్టరమ్మ చెప్తే తాగకపోతివి, కోడలు చెప్తే తాగకపోతివి. గోలీ చెవి మెలివెట్టి తాగిపిచ్చింది."

"కృష్ణ నీళ్ళు చప్పగున్నయి అక్కా."

"ఇన్నొద్దులు విషం తాగిన నోరు గదా, మంచినీళ్ళు చప్పగనే ఉంటయి."

మంట రావడం ఆగిపోయింది. జారుడు సగానికి సగం తగ్గింది. కానీ సగమే. నేను దీపం సంగతి ఎత్తితే, "సగం మైల గూడ మైలనే గద," అనేది. మందు చేయగలిగింది చేసింది. మిగిలిన సగం దగ్గర ఆమె ఆగిపోయింది.

ఆ రంజాను నెలలో మసీదుకు ఇఫ్తారు పంపడానికి ఇస్తార్లు తెమ్మన్నాను. ఆమె తెచ్చి, అలవాటుగా గడపలో నిలబడింది. మా అత్తమ్మ కుర్చీలో కూర్చొని సాయంత్రపు అసర్ నమాజు చదువుకుంటోంది. అత్తమ్మకు చక్కెర జబ్బు. అత్తమ్మకూ కొన్నేళ్ళుగా ఆ జారుడు బాధ ఉంది, ఇంట్లో దాచుకునేది కాదు. నమాజు అయ్యేదాకా ఇస్తార్లామె కదలకుండా చూసింది. అయ్యాక అడిగింది.

"అక్కా, నీకు గూడ జారుతది గద?"

"జారుతది. నీకొక్కదానికే ఇచ్చిండనుకున్నవా దేవుడు?"

"మరి నమాజు ఎట్ల జేస్తవు? మీకు శుద్ధం ఎక్కువ గద."

అత్తమ్మ తస్బీ ఒళ్ళో పెట్టుకుంది. "ఒళ్ళు మన మాట ఇనకుంటె మాలో మాజూర్ అంటరు. గసోంటోళ్ళకు ఒక ఆసరా పెట్టిండ్రు. నమాజు యాళ్ళయినంక ఒకపాలి చేతులు, మొకం, కాళ్ళు కడుక్కొని వుజూ జేసుకోవాలె. శుభ్రమైన బట్ట కట్టుకోవాలె. ఇగ నిలబడాలె. నడుమల చుక్క జారినా ఆ నమాజు నమాజే. మళ్ళ యాళ్ళకు మళ్ళ వుజూ."

"ఆయన ఒప్పుకుంటడా?"

"ఈ ఒళ్ళు చేసిందెవలే? నువ్వా నేనా? ఆయనకు తెల్వదా ఇది కారుతదని?"

ఇస్తార్లామె కళ్ళు నిలిచిపోయాయి. ఇప్పుడు తిరిగి వెళ్ళిపోతుందని నేననుకున్నాను. వెళ్ళలేదు. అక్కడే నిలబడి, "మీ దేవునికి నడిస్తే మా దేవునికి ఎందుకు నడవదు," అన్నది. మమ్మల్ని అడిగినట్టు లేదు.

"అడిగి చూడు," అన్నది అత్తమ్మ. "కోపమొస్తే నా పేరు చెప్పు."

పండుగ అయిన కొద్ది రోజులకు పొద్దుగూకే వేళ ఆమె ఇంటి ముందునుంచి వస్తూ తెరిచిన తలుపులోంచి చూశాను. ఉతికిన చీర కట్టుకొని, తడి కాళ్ళతో గూటి ముందు నిలబడి ఉంది. గూటిలో చిన్న దీపం. నేను చప్పుడు చేయకుండా దాటిపోయాను. ఇంటికి వచ్చి మగ్రిబ్ నమాజులో తల నేలకు ఆనించినప్పుడు చాలాసేపు లేవలేకపోయాను. అడగడానికి ఏమీ లేదు ఆ రోజు. అంతా షుకరే.

మర్నాడు అత్తమ్మ ఆమెను వదలలేదు. "ఏమన్న అన్నడా మీ దేవుడు?"

"ఆయన ఎప్పుడు మాట్లాడిండు అక్కా. గని దీపం ఆరలే."

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఆమె గురించి నిజం చెప్పాలంటే ఇంకొకటి చెప్పాలి.

తర్వాతి మాఘంలో ఊళ్ళో ఒక పెళ్ళికి ఆమె పోయింది. ఎవరూ ప్రత్యేకంగా పిలవలేదు. పిలవడం మానుకొని ఎన్నో ఏళ్ళయింది కదా. గోలీ వేసుకొని, మంచి చీర కట్టుకొని పోయి, బంతిలో చివర కూర్చొని తిని వచ్చింది. నేరుగా మా ఇంటికి వచ్చింది. చాప వేశాను. కూర్చుంది. మా ఇంట్లో ఆమె కూర్చోవడం నేను చూసింది ఆ రోజే.

"పోయొచ్చిన బిడ్డా. కూసొని తిన్న."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా చిన్నమ్మా?"

"ఎవలేమనలే."

"మంచిదే కదా మరి."

"మంచిదే." చాప అంచు వేలితో సవరించింది. "పక్కకున్నామె జర జరిగి జాగ గూడ ఇయ్యలే. నన్ను చూడనే లేదు. గింత కాలం భయపడ్డది గీళ్ళకా అనిపిచ్చింది. ఎవలన్న ఒక్క మాట, గిదేంది ఇస్తార్లామె వచ్చింది అని నవ్వినా బాగుండు."

ఒళ్ళు కొంత బాగైంది, దేవుడు దగ్గరికి రానిచ్చాడు, మనుషులు మాత్రం ఆమె లేకుండా ఉండటానికి ఎప్పుడో అలవాటుపడిపోయారు. దానికి ఏ దుకాణంలోనూ మందు లేదు. ఆ తర్వాత ఆమె ఏ పెళ్ళికీ పోయినట్టు నాకు తెలియదు. పొద్దుగూకితే దీపం పెట్టేది, తలుపు దగ్గరికి వేసుకునేది.

వేరే ఊళ్ళో ఉండే ఆమె తమ్ముడి వాళ్ళు వచ్చి కార్యం జరిపించారు. నేను వాకిట్లో ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. "చాల గర్వంగల్ల మనిషి," అని ఒకామె ఇంకొకామెకు చెప్తుంటే, "లేదక్కా," అన్నాను. ఆ ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆమె బతికి ఉండగా దాచుకున్నదాన్ని ఆ వాకిట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంటికి వచ్చి ఇదంతా రాశాను. పేరు రాయకుండా రాస్తే ఆమె ఏమీ అనుకోదని నా నమ్మకం.

చదివినవాళ్ళను ఒకటే అడుగుతున్నాను. మీరు ఏ దేవుని ముందు నిలబడేవాళ్ళయినా, ఈ రోజు నిలబడినప్పుడు ఒక్కసారి ఆమెను తలచుకోండి. ఆమె మీ పక్కకు వచ్చి నిలబడిందనుకొని, కాస్త జరిగి జాగా ఇవ్వండి.